మత్తు సూది కంటే ముందు జరిగేది: ఒక మత్తు డాక్టర్ అనుభవం

మా దగ్గర చేరే కొత్త పీజీలకు నేను మొదట నేర్పేది సూది గుచ్చడం కాదు. ముందురోజు సాయంత్రం వార్డుకెళ్ళి, పేషెంటు మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చోవడం. నిలబడి కేస్‌షీట్ తిప్పితే కుదరదు, కూర్చోవాల్సిందే. ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి! నీట్ పీజీకి రాత్రింబవళ్ళు చదివి, కౌన్సెలింగ్‌లో నానా తిప్పలు పడి సీటు తెచ్చుకున్నది స్టూల్ మీద కూర్చోవడానికా అన్నట్టు చూస్తారు. ఊపిరి గొట్టంలోకి ట్యూబు వెయ్యాలి, స్పైనల్ (నడుం కింద మత్తు కోసం వెన్నులో ఇచ్చే సూది) ఇవ్వాలి అని వాళ్ళ చేతులు ఊరుకోవు. తప్పేం లేదు, ఆ వయసులో నాకూ అంతే. చేతి పని చేస్తూ పోతే కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. ఈ కూర్చుని మాట్లాడే పని మాత్రం కొంతమందికి మూడేళ్ళ ఎండీ అయిపోయాక కూడా రాదు, అది రాకపోతే మిగతాదంతా ఎంత బాగా వచ్చినా ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, రోజూ ఏదో ఒక తలనొప్పి తప్పదు.

దీన్ని మేం పీఏసీ అంటాం, ప్రీ అనస్థటిక్ చెకప్, అంటే మత్తు ఇచ్చేముందు చేసే పరీక్ష. బంధువులు "మత్తు డాక్టర్ ఫిట్‌నెస్" అంటారు. సర్జన్లేమో ఫోన్ చేసి "మేడం, ఫిట్‌నెస్ ఇచ్చేశారా?" అని అడుగుతారు, ఆర్టీఓ ఆఫీసులో బండికిచ్చే కాగితం గురించి అడిగినట్టు. బీపీ, షుగరు, ఈసీజీ, రక్తం రిపోర్టులు చూసి సంతకం పెట్టడమే అయితే నిజంగానే ఆ పనికి నేను అక్కర్లేదు. రిపోర్టుల్లో దొరకనివి కొన్ని ఉంటాయి, నేను వెళ్ళేది వాటి కోసం.

మందు సంగతే తీసుకోండి. భార్య పక్కనుండగా "తాగుతారా?" అని అడిగితే "అబ్బే, లేదండీ" అంటారు. కొడుకు ఉంటే "ఎప్పుడో పండక్కీ పబ్బానికీ". కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఇంట్లోవాళ్ళని ఏదో ఒక కాగితం మీద బిల్లింగ్ కౌంటరుకి పంపించి మళ్ళీ అడుగుతాను. ఈసారి "తాగుతారా" అని కాదు, "రోజుకి ఎంత పడుతుంది?" అని. అప్పుడొస్తుంది అసలు లెక్క. "క్వార్టర్ అమ్మా. ఒక్కోరోజు ఇంకో నైంటీ." నేనేం నీతులు చెప్పను. ఎన్నాళ్ళ నుంచి, ఆఖరిసారి ఎప్పుడు, ఈ రెండే రాసుకుంటాను. ఎందుకంటే రోజూ తాగే మనిషి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరితే ఆ క్షణం నుంచి చుక్క ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో చేతులు వణకడం, చెమటలు పట్టడం, లేని మనుషులు కనిపించడం, సెలైన్ పీకేసుకుని మంచం దిగిపోవడం మొదలవుతుంది. సరిగ్గా ఆపరేషన్ అయిన మర్నాడో ఆ మర్నాడో వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు "మత్తు మందు తలకెక్కింది" అని మా మీదికొస్తారు. ముందే తెలిస్తే దానికి మందులున్నాయి, ముందుగానే మొదలుపెడతాం.

గుట్కా, ఖైనీ కూడా అంతే. నోరు తెరవమంటే మనిషి తన మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరవగలగాలి. ఈ మధ్య పాతికేళ్ళ కుర్రాళ్ళకి కూడా ఒక వేలు కష్టం మీద దూరుతోంది. బుగ్గల లోపల బిరుసెక్కి బిగుసుకుపోయి ఉంటుంది. కండరాలు సడలించే మందు ఇచ్చినా ఆ నోరు తెరుచుకోదు, అక్కడ బిగిసింది కండరం కాదు కాబట్టి. అలాంటి మనిషికి మత్తు ఇచ్చేశాక నోరు తెరుచుకోలేదని తెలిస్తే పరిస్థితి ఏంటో ఊహించుకోండి. ఊపిరి ఆగింది, ట్యూబు వెయ్యడానికి దారి లేదు. అందుకని అలాంటి వాళ్ళకి చాలావరకు మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం మీదుగా ట్యూబు దించుతాం. గొంతు తిమ్మిరెక్కేలా మందు కొడతాం, నొప్పి పెద్దగా ఉండదు కానీ కూర్చున్న మనిషి సహకరించాలి. ఓటీలో పొద్దున్నే హఠాత్తుగా చెబితే ఎవరు సహకరిస్తారు? ముందురోజు సాయంత్రం ఒక పావుగంట పెట్టి, ఆ గొట్టం ఎంత సన్నగా ఉంటుందో చూపించి, దగ్గొస్తుంది, భయపడకు, చెయ్యి ఎత్తితే ఆపుతాను అని చెబితే కుర్రాడు దిట్టంగా కూర్చుంటాడు.

శ్రీకాకుళం వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది. గర్భసంచి జారింది, తీసెయ్యాలి. స్పైనల్‌లో అయిపోయే కేసే, అయినా అది పని చెయ్యకపోతే పూర్తి మత్తు ఇవ్వాల్సొస్తుంది కాబట్టి నోరు చూడకుండా వదలం. టార్చి వేసి చూస్తే అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, మధ్య మధ్యలో ఎర్రటి చుక్కలు. పక్కనున్న పీజీ హైదరాబాద్ కుర్రాడు, "ఫంగసా మేడం?" అని నా చెవిలో అడిగాడు. నేను మామ్మనే అడిగాను, "అడ్డపొగేనా మామ్మా?" అని. ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది. "సిన్నప్పటి నుండీ అదే గదమ్మా. మాయమ్మా అదే, మా అత్తా అదే." చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, ఆ వేడికి అంగిలి అలా అవుతుంది, కొందరిలో క్యాన్సర్‌లోకి దిగుతుంది. మా వాడు నమ్మలేదు. "నిప్పు లోపలికా?" అని మూడుసార్లు అడిగాడు. మామ్మకి వాడి మొహం చూసి సరదా వేసి, చుట్ట లేకపోయినా వేలుతో ఎలా పట్టుకుంటారో పెదాల మధ్య పెట్టి చూపించింది. ఈ సందట్లో నేను కింది వరసలో ముందు పన్ను ఊగడం చూశాను. "ఇది ఊగుతోంది మామ్మా, రేపు ట్యూబు గానీ వెయ్యాల్సొస్తే ఊడి ఊపిరి గొట్టంలోకి జారుతుంది" అంటే, "పీకీమ్మా, దాంతో నమిల్నేక సస్తన్నాను" అంది. పన్ను ఆ సాయంత్రమే డెంటల్ వాళ్ళు తీసేశారు, అంగిలి వాళ్ళకే చూపించి ముక్క పరీక్షకి పంపించాం. ఈ రెండూ ఏ రక్తం రిపోర్టులోనూ ఉండవు.

అన్నట్టు, నోరు తెరిపించి నాలుక చాపించి లోపల ఎంతవరకు కనిపిస్తోందో చూసి, ట్యూబు వెయ్యడం ఎంత కష్టమో అంచనాకి వేసే గ్రేడు ఉంది కదా, మల్లంపాటి గ్రేడు. ఏ దేశంలో మత్తు డాక్టరైనా రోజూ పలికే పేరు అది. కేస్‌షీట్లో "ఎంపీ 2" అని గిలికేసే మా పీజీల్లో సగం మందికి ఆ మల్లంపాటి శేషగిరిరావు గారు మన గుంటూరు జిల్లా మనిషని, గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నారని తెలియదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో పనిచేస్తూ 1985లో 210 మంది పేషెంట్ల మీద చేసిన పరిశీలనను కెనడా అనస్థీషియా పత్రికలో రాశారు. ఆయన చెప్పినవి మూడు తరగతులే, నాలుగోది 1987లో శాంసూన్, యంగ్ అనే డాక్టర్లు కలిపారు. ఇప్పుడు అల్ట్రాసౌండులు, గొంతు లోపల తెర మీద చూపించే వీడియో లారింగోస్కోపులు వచ్చాయి, ఆ గ్రేడు ఒక్కదాన్నే నమ్ముకోకూడదన్నదీ నిజమే. కానీ కరెంటు అక్కర్లేని, పైసా ఖర్చు లేని పరీక్ష అది. పేషెంటుకి ఎదురుగా, అతని ఎత్తుకి మన కళ్ళు వచ్చేలా కూర్చుంటే చాలు. నాకు ఆయనంటే ఇష్టం అందుకే.

తిండి దగ్గరికి వద్దాం, రోజూ గొడవ జరిగేది ఇక్కడే. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని తేలికపాటి తిండి, పాలు అయితే 6 గంటలు, తల్లిపాలు అయితే 4 గంటలు, మంచినీళ్ళయితే 2 గంటలు గడవాలి. నూనెలో వేయించినవీ, మాంసమూ అయితే ఇంకా ఎక్కువ. ఇంత స్పష్టంగా ఉన్నా చాలా వార్డుల్లో ఇప్పటికీ "రాత్రి పన్నెండు తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు" అని చెప్పేస్తారు. లిస్టులో ఆఖరి కేసుకి మధ్యాహ్నం రెండింటికి పిలుపొస్తుంది, ఆ ముసలాయన అప్పటికి నాలుక పిడచగట్టుకుపోయి, తలనొప్పితో, చిరాగ్గా, సెలైన్ సూదికి నరం కూడా దొరక్కుండా ఎండిపోయి ఉంటాడు. దీని మీద నేను వార్డు వాళ్ళతో చాలాసార్లు గొడవపడ్డాను, పడుతూనే ఉన్నాను.

మరోవైపు బామ్మలు. మనవడు ఆకలని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకునే బామ్మ తెలుగు దేశంలో పుట్టలేదు. అందుకని పీజీలకి చెప్తాను, పొద్దున్న ఓటీ గుమ్మంలో "ఏమైనా తిన్నారా?" అని అడక్కండి, "పొద్దున్నే ఏం పెట్టారు?" అని అడగండి. "ఏం పెట్టలేదమ్మా, రెండిడ్లీ అంతే." టీ అయితే తిండి కింద లెక్కే వెయ్యరు, పాలు పోసిన టీ మాకు పాలతో సమానమని చెబితే ఆశ్చర్యపోతారు. కేసు వాయిదా వేస్తే సర్జన్‌కి కోపం, బంధువులకి కోపం. ముందురోజు సాయంత్రం ఎందుకు తినకూడదో ఒక్క నిమిషం విడమర్చి చెప్పి, అదీ తల్లికి కాదు, నేరుగా ఆ బామ్మకే చెబితే, ఇడ్లీల గొడవ చాలావరకు తప్పుతుంది. బామ్మే కాపలా కాస్తుంది.

ఇక భయం. పేషెంట్లు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి మూడే: మళ్ళీ మెలకువ వస్తుందా, మధ్యలో మెలకువ వచ్చేస్తుందా, మీరు మధ్యలో బయటికి వెళ్ళిపోరు కదా. వీటిని కొట్టిపారేసి "ఏం కాదులే, మీరు టెన్షన్ పడకండి" అనేసి వచ్చే డాక్టర్లంటే నాకు ఒళ్ళుమంట. పడకండి అంటే ఆగేదా టెన్షన్? భయానికి మా శాస్త్రంలో పెద్ద కథే ఉంది. ఇది పీజీలకి తప్పకుండా చెప్తాను.

1848 జనవరిలో ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్లకి కాలి గోరు తియ్యడానికి అప్పటి మత్తు మందు క్లోరోఫాం పట్టించారు. ఆ పిల్ల ముందు నుంచీ బెదిరిపోయి ఏడుస్తూనే ఉందట. నిమిషాల్లో చనిపోయింది. క్లోరోఫాం మరణాల్లో మొదట లెక్కలోకి వచ్చింది అదే. ఇలాంటివి ఆ తర్వాతా జరుగుతూ వచ్చాయి. ముందు ఆగేది గుండా, ఊపిరా అని డాక్టర్లు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. ఆ తగువు తేల్చడానికి ప్రయోగాలు జరిగింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులో. ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపారు. రెండోదానికి లాన్సెట్ అనే వైద్య పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్‌ని పంపింది. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, ఊపిరి మీద కన్నేసి ఉంచితే క్లోరోఫాం క్షేమమే అని తేల్చారు. ఆ లారీ దగ్గరే క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకున్న హైదరాబాద్ అమ్మాయి రూపాబాయి ఫర్దూంజీ, మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళా డాక్టరని చాలామంది ఆమెనే చెప్తారు. మా వాళ్ళకి ఆ పేరు కూడా నేనే చెప్పాల్సి వస్తోంది, అది వేరే బాధ.

అయితే హైదరాబాద్ కమిషన్ తేల్చింది పూర్తి నిజం కాదు. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించాడు: మత్తు పైపైన ఉన్నప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ చేరితే, క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. అడ్రినలిన్ ఎప్పుడు ఉప్పొంగుతుంది? భయపడినప్పుడే కదా. గోరు తియ్యడానికి వచ్చిన ఆ పిల్ల చావులో ఆ బెదురుకి పాలు ఉండొచ్చని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు క్లోరోఫాం లేదు, ఇప్పటి మందులు ఎంతో నయం. అయినా వార్డులో బీపీ 140 ఉన్న మనిషికి ఓటీ టేబుల్ ఎక్కేసరికి 190 దాటడం నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. 1963లో ఎగ్బర్ట్ బృందం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశీలన రాసింది. ముందురోజు మత్తు డాక్టర్ వెళ్ళి మాట్లాడొచ్చిన పేషెంట్లు, మాట్లాడకుండా పెంటోబార్బిటాల్ అనే మగత మందు ఇచ్చిన వాళ్ళ కంటే ఓటీకి వచ్చేటప్పుడు నిబ్బరంగా ఉన్నారు. స్టూల్ ఎందుకు మేడం అని సణిగే వాళ్ళ చేతిలో ఈ పేపరు ప్రింటు పెట్టేస్తాను.

సిజేరియన్ల దగ్గర ఈ మాటల పని మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ అమ్మాయి మెలకువగానే ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతమైతే ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. ఇందులో ఎన్ని అవసరమైనవి అన్న చర్చ ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది. ముహూర్తం సిజేరియన్ల మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. సిద్ధాంతి గారు రాసిచ్చిన చీటీ పట్టుకొస్తారు, ఉదయం ఇన్ని గంటల 12 నిమిషాల నుంచి 24 నిమిషాల లోపు అని. నేను అమాయకంగా అడుగుతాను, "ఆ టైముకి కోత పెట్టాలా, బిడ్డ బయటికి రావాలా, బొడ్డు కొయ్యాలా, ఏడవాలా?" ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మళ్ళీ సిద్ధాంతి గారికి ఫోను. వాళ్ళ నమ్మకం వాళ్ళది, నేను వెక్కిరించను, తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నా వస్తాను. కానీ ముందురోజే తండ్రినీ, అత్తగారినీ కూర్చోబెట్టి చెప్పేస్తాను: మత్తు రొమ్ముల దాకా ఎక్కిందని నేను చూసుకోవాలి, బీపీ నిలబడాలి, ఆ తర్వాతే సర్జన్ గారికి సరే అంటాను, దానికి ముహూర్తం దాటితే దాటుతుంది, నన్ను గుమ్మం దగ్గర నిలబడి తొందరపెట్టొద్దు. సాయంత్రం చెప్పిన మాట కాబట్టి పొద్దున్న ఎవరూ వాదించరు.

ఆ అమ్మాయికి చెప్పేది వేరు. నిన్ను టేబుల్ మీద కూర్చోబెట్టి, కాళ్ళ కింద స్టూల్ పెట్టి, దిండు కావలించుకుని ముందుకు వంగమంటారు. వీపు మీద రాసేది చల్లగా ఉంటుంది, ఉలిక్కిపడకు. మొదటి చిన్న సూది చీమ కుట్టినట్టుంటుంది. తర్వాతది ఒత్తిడిగా తెలుస్తుంది, అప్పుడు మాత్రం కదలకు. అక్కడ నా చేతికి జరిగేది మాటల్లో చెప్పడం కష్టం. మూడు, నాలుగు నడుం పూసల మధ్య సన్నటి సూది వెళ్తుంటే ముందు గట్టిగా తగులుతుంది, ఇంకాస్త నెడితే పట్టు సడలి వదిలినట్టవుతుంది, లోపలి పుల్ల లాగితే సూది చివర తేటగా ఒక చుక్క వచ్చి నిలుస్తుంది. వెన్నుపాము అంతకంటే పైనే ముగిసిపోతుంది, అందుకే అంత కిందికి వెళ్ళి గుచ్చుతాం. సిరంజిలో ఉండేది సుమారు రెండు మిల్లీలీటర్లు. నిమిషంలో కాళ్ళు వెచ్చబడి, తిమ్మిరెక్కి బరువైపోతాయి. "నా కాళ్ళు లేవు" అంటారు. బీపీ పడిపోతే వికారంగా, కళ్ళు తిరిగినట్టు ఉంటుంది, ఎడమ పక్కకి కొంచెం వంచి మందు ఇస్తే సర్దుకుంటుంది, అందుకే "ఏదోలా ఉంటే వెంటనే నాకు చెప్పు, ఓర్చుకోవద్దు" అని ముందే చెప్తాను. మన ఆడపిల్లలకి ఓర్చుకోవడమే నేర్పారు కదా, ఆ "వద్దు" గట్టిగా చెప్పాలి.

ముఖ్యమైనది ఇంకోటి. స్పైనల్‌లో నొప్పి ఉండదు కానీ తాకడం, లాగడం, లోపల సర్దుతున్నట్టు అనిపించడం ఉంటాయి. బిడ్డని తీసేటప్పుడు పొట్ట మీద గట్టిగా నొక్కుతారు. ఇది చెప్పకపోతే "నాకు తెలుస్తోంది, తెలుస్తోంది" అని ఆ పిల్ల కేకలు పెడుతుంది, పాపం నిజంగానే తెలుస్తుంది. చెప్పి ఉంటే "మీరు చెప్పింది ఇదేనా మేడం?" అని అడుగుతుంది. అంతే తేడా. ఆ తర్వాత బిడ్డ ఏడుపు, ఇక నన్నెవరూ పట్టించుకోరు. పుట్టిన నిమిషానికీ, ఐదు నిమిషాలకీ బిడ్డకి వేసే స్కోరు 1952లో తయారుచేసిన వర్జీనియా ఆప్గార్ మా శాఖ మనిషే, ఆ సంగతి పిల్లల డాక్టర్లకి గుర్తుచేస్తూ ఉంటాను.

నడుం నొప్పి గురించి కూడా ఇక్కడే తేల్చేస్తాను. "నాకు వెన్నులో సూది ఇచ్చినప్పటి నుంచీ నడుం నొప్పి" అని పదేళ్ళ తర్వాత కూడా పెళ్ళిళ్ళలో నన్ను పట్టుకుని అడిగేవాళ్ళున్నారు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉంటుంది, నిజమే. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి కారణాలు చాలావరకు వేరు: తొమ్మిది నెలల బరువు, సాగిన కీళ్ళు, వంగి పాలివ్వడం, చంకనెత్తుకోవడం, నీళ్ళ బిందెలు, కసరత్తు లేకపోవడం. తలనొప్పి మాత్రం నాదే పూచీ. లేచి కూర్చుంటే పగిలిపోయేలా వచ్చి, పడుకుంటే తగ్గే తలనొప్పి అయితే సూది పడిన రంధ్రం నుంచి ద్రవం కారడం వల్లే. 1898లో ఈ పద్ధతి మొదలుపెట్టిన ఆగస్ట్ బియర్ తన మీద చేయించుకుని ఆ తలనొప్పితో రోజుల తరబడి మంచం పట్టాడు. సన్నని సూదులొచ్చాక బాగా తగ్గింది. వస్తే నీళ్ళు, కాఫీ, మాత్రలు, మరీ తగ్గకపోతే అదే పేషెంటు రక్తం కొంచెం తీసి వెన్నులో ఆ చోట ఎక్కించడం. నాకు ఫోన్ చెయ్యండి, గూగుల్‌లో వెతకొద్దు అని నంబరు ఇచ్చి వస్తాను.

పూర్తి మత్తు గురించి పేషెంట్లకి చెప్పేది తక్కువే. మాస్కు పెట్టి 3 నిమిషాలు ఆక్సిజన్ పీల్పిస్తాం, తెల్లగా పాలలా ఉండే మందు ఎక్కేటప్పుడు చేతిలో మంట పుడుతుంది, అది మామూలే, లేచేసరికి గొంతు గరగరలాడుతుంది. లేచిన వాళ్ళలో చాలామంది "ఇంకా మొదలుపెట్టలేదా?" అంటారు. మూడో ప్రశ్న ఉంది కదా, మధ్యలో వెళ్ళిపోరు కదా అని. వెళ్ళం. వెళ్ళాల్సొస్తే ఇంకో మత్తు డాక్టరుకి అప్పజెప్పి వెళ్తాం. పీజీలకి దీని మీద నేను కఠినంగానే ఉంటాను, కేసు మధ్యలో ఫోన్‌లో రీల్స్ చూస్తూ దొరికితే ఆ వారం వాళ్ళకి కేసులుండవు. పల్స్ ఆక్సీమీటర్ చప్పుడు, ఆక్సిజన్ తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది, తెర వైపు చూడకుండానే ఆ తేడా చెవికి పట్టాలి. 1974లో జపాన్‌లో అయోయాగి ఆ పద్ధతి కనిపెట్టకముందు మా సీనియర్ల సీనియర్లు గోళ్ళ రంగు చూసి, నాడి మీద వేలేసి కూర్చునేవారు. కోవిడ్‌లో ఇంటింటికీ వచ్చిన ఆ చిన్న క్లిప్పు అదే. గోళ్ళకి నల్లటి మెహందీ, నెయిల్ పాలిష్ ఉంటే దాని లెక్క ఒక్కోసారి తప్పుతుంది, అందుకే ముందురోజు తీసెయ్యమంటాం, పెళ్ళి నుంచి నేరుగా వచ్చిన వాళ్ళతో అదొక తంటా.

ఒకసారి ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి పిత్తాశయం లాప్రోస్కోపీ కేసుకి పిలిచారు. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే కాప్నోగ్రాఫ్ లేదు. "ఇన్నాళ్ళూ అది లేకుండానే చేస్తున్నాం మేడం" అన్నారు. పొట్టలోకి ఆ గ్యాసే నింపి చేసే ఆపరేషన్ అది. అరువు తెస్తారా, వాయిదా వేస్తారా అన్నాను. వాయిదా పడింది, మళ్ళీ నన్ను పిలవలేదు. బయట ఫ్రీలాన్స్ చేసే పిల్లలకి ఇది చెప్పడం తేలికే, ఈఎంఐలు కట్టేవాడికి అక్కడ నోరు తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్తాను.

ఈ మధ్య ఒక పీజీ అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, సాయంత్రం పీఏసీ ముగించుకుని లిస్టు పట్టుకొచ్చింది. రెండో కేసు రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు, పేగు ఆపరేషన్. బీపీ, షుగరు, ఎకో అన్నీ గడగడా చెప్పేసి, "మేడం, ఇంకోటి. ఆయనకి వినికిడి మెషిన్ ఉంది. ఓటీ గుమ్మంలో ఉంగరం, కట్టుడు పళ్ళతో పాటు అదీ తీసేస్తారు. తీసేస్తే మనం చెప్పేది ఆయనకి ఒక్క ముక్క వినపడదు. లోపల మాస్కులు పెట్టుకుని ఉంటాం, పెదాలు చూసి కూడా పోల్చుకోలేరు. మత్తు పట్టేదాకా ఉంచి, తర్వాత తీసి, లేపేముందు మళ్ళీ పెడదాం. సిస్టర్‌తో మాట్లాడేశాను, డబ్బా మీద పేరు రాసి ఇచ్చాను. కుడి చెవి వైపు నిలబడితే బాగా వినిపిస్తుందట" అంది.

"కట్టుడు పళ్ళ సంగతి?" అన్నాను.

"అవి లోపలికొచ్చాకే తీద్దామన్నారు మేడం. పళ్ళు లేకుండా కారిడార్‌లో తీసుకెళ్ళొద్దన్నారు, బయట బెంచీల మీద ఆయన పాత స్టూడెంట్లు కూర్చుని ఉంటారట."

సరే, రేపు ఇండక్షన్, ఆయనకి మత్తు పట్టించే పని, నువ్వే చెయ్యి, నేను పక్కనుంటాను అని చెప్పి, మూడో కేసు సంగతి చూడమన్నాను.